ఇల్లు కొనాలా, అద్దెకే ఉండాలా: పెద్ద నిర్ణయాన్ని కాగితం మీద తేల్చుకునే పద్ధతి

ఏప్రిల్ మూడో ఆదివారం పొద్దున మా ఓనరు గారు పైకి వచ్చారు. బెంగళూరు మున్నేకొళాలలో ఆరేళ్లుగా మేముంటున్న ఇల్లు ఆయనది. ఇప్పుడిస్తున్న 34 వేల అద్దె జూన్ నుంచి 40 వేలు చెయ్యాలని, కుదరకపోతే వేరే ఇల్లు చూసుకోమని మర్యాదగానే చెప్పి, కాఫీ తాగి కిందికి దిగారు. ఆయన గేటు వేసేలోపే మా ఇంట్లో నిర్ణయం జరిగిపోయింది. "ఇంకెన్నాళ్లు ఈ అద్దె ఇళ్లు? కొనేద్దాం" అన్నారు మా ఆయన. నేనూ సరే అన్నాను.

సాయంత్రం ఐదింటికల్లా సర్జాపూర్ రోడ్డు వైపు ఒక బిల్డరు సేల్స్ ఆఫీసులో ఉన్నాం. 1.10 కోట్ల ఫ్లాటు, ఇంకా కడుతున్నారు. ఈ రోజు రెండు లక్షలు కడితే ఇదే రేటు, సోమవారం నుంచి పెరుగుతుంది అన్నారు. మా ఆయన ఫోన్ తీశారు. యూపీఐలో లక్షకు మించి వెళ్లదంది. మొత్తం రేపు ఒకేసారి కడతామని చెప్పి వచ్చేశాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఒక చిన్న బటన్ రంగు మార్చినా ఏమేం పాడవుతాయో రాసుకుని, ఒక్కొక్కటే పరీక్షించి గాని వదలం. అలాంటిది ఇరవై ఏళ్ల అప్పును పొద్దుటి కాఫీకీ సాయంత్రం టీకీ మధ్య తేల్చేశాం. లేచి పాప పాత నోటుబుక్కులో మిగిలిన తెల్లకాగితాలు తీసుకున్నాను. తర్వాతి మూడు వారాల్లో ఆ కాగితాల మీద జరిగిందే ఇక్కడ అడుగులుగా రాస్తున్నాను. ఉద్యోగం మారడానికైనా, ఊరు మారడానికైనా, పిల్లల చదువుకైనా ఇదే పద్ధతి వాడుకోవచ్చు.

మొదటి అడుగు: ప్రశ్న ఎవరు వేశారో చూడండి

నా దృష్టిలో సగం పని ఇక్కడే ఉంది. అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

ఓనరు గారు వేసిన ప్రశ్న: నలభై ఇస్తారా, ఖాళీ చేస్తారా? సేల్స్ ఆఫీసు వేసిన ప్రశ్న: ఏడో అంతస్తా, పన్నెండో అంతస్తా? పెళ్లిళ్లలో కలిసిన ప్రతి చుట్టం వేసే ప్రశ్న: ఇంకా కొనలేదా? ఎవరి ప్రశ్న వారికి అనుకూలంగా ఉంటుంది. ఆ రోజంతా మేం వాళ్ల ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటూ తిరిగామే తప్ప, మా ప్రశ్న ఏమిటో ఆలోచించుకోలేదు.

దీనికి చెయ్యాల్సింది చాలా సులువు. కాగితం పైన ప్రశ్న రాయండి. దాని కింద "ఎందుకు?" అని రాసి జవాబు రాయండి. ఆ జవాబుకు మళ్లీ "ఎందుకు?" వెయ్యండి. ఇక మాట రాని చోట ఆగండి. మా కాగితం ఇలా ఉంది.

"ఇల్లు ఎందుకు?"

"రెండేళ్లకోసారి ఈ బెదురు ఉండకూడదు."

"బెదురు దేనికి? ఆరేళ్ల క్రితం నెల రోజుల్లో మారాం కదా."

"అప్పుడు పాప చిన్నది. ఇప్పుడు తొమ్మిదిలోకి వస్తోంది. పదో తరగతి అయ్యేదాకా స్కూలు మారకూడదు."

"అది సరే. మరి కొనడం?"

"దాచిన డబ్బు ఊరికే బ్యాంకులో పడి ఉంది."

ఇక్కడ మా ఆయన పెన్ను కింద పెట్టారు. పడుగూ పేకా కలిసిపోయినట్టు రెండు వేరు వేరు ప్రశ్నలు ఒకటిగా ముడిపడి ఉన్నాయి. ఒకటి, పాప పదో తరగతి అయ్యేదాకా, అంటే 2028 మార్చి వరకు, స్కూలుకు దగ్గర్లో కదలకుండా ఉండటం ఎలా? రెండు, మా దగ్గరున్న 38 లక్షలు ఎక్కడ పెట్టాలి? సర్జాపూర్ ఫ్లాటు రెండో ప్రశ్నకు ఒక జవాబు కావచ్చు. మొదటి ప్రశ్నకు అది జవాబే కాదు. ఎందుకంటే అది చేతికొచ్చేది బిల్డరు మాట ప్రకారమే 2028 డిసెంబరులో.

ప్రశ్న బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ప్రశ్నలోనే జవాబు దాగి ఉంటే అది పనికిరాదు. మా టీములో హిందూపురం అమ్మాయి ఒకతె మొన్న "అక్కా, ఉద్యోగం మానెయ్యనా?" అని అడిగింది. ఏమయితే ఈ ప్రశ్నే రాదు అని అడిగాను. కాసేపు ఆలోచించి, రింగు రోడ్డు మీద రోజూ పోయే రెండున్నర గంటలు మిగిలితే చాలంది. అయితే ఆ అమ్మాయి తేల్చుకోవాల్సింది ఉద్యోగం సంగతి కాదు, ఉంటున్న పీజీ హాస్టల్ సంగతి.

రెండో అడుగు: వెనక్కి రావడానికి ఎంతవుతుంది?

"ఆలస్యం అమృతం విషం" అనేది మనమే. "నిదానమే ప్రధానం" అనేదీ మనమే. ఒకే ఇంట్లో, ఒకే నోట రెండూ వింటాం. ఏ సామెత ఎప్పుడు పనికొస్తుందో చెప్పేది ఒకే ఒక్క లెక్క: ఈ పని చేశాక తప్పని తేలితే, వెనక్కి రావడానికి ఎంత డబ్బు, ఎన్నాళ్లు పడుతుంది?

అద్దె ఇల్లు నచ్చకపోతే సామాన్ల లారీ ఖర్చు, అడ్వాన్సులో పెయింటింగ్ పేరుతో కోసుకునే మొత్తం, ఒక నెల శ్రమ. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి ఆ డబ్బు తిరిగొచ్చేదాకా కాస్త ఇబ్బంది. అంతే. ఫ్లాటు నచ్చకపోతే మాత్రం స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, జీఎస్టీ ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు. కొనేవాడు దొరికేదాకా ఈఎంఐ ఆగదు.

వెనక్కి రావడం తేలికైన వాటికి ఈ మార్గదర్శిలో మిగతా అడుగులేవీ వద్దు. సాయంత్రంలోపు తేల్చేయండి. ఫ్రిజ్ ఏ కంపెనీదని వారం రోజులు టెన్షన్ పడేవాళ్లు, కోటి రూపాయల ఫ్లాటును గంటలో తేల్చడం నేను చాలా చూశాను. నోటుబుక్కు తిరిగి రాలేని వాటి కోసమే.

మూడో అడుగు: దారులు రెండే ఉన్నాయంటే నమ్మకండి

ముందు నుయ్యి, వెనక గొయ్యి అనిపించినప్పుడు చాలాసార్లు పక్కన దారి ఉంటుంది. మనం చూడం. కనీసం నాలుగు దారులు రాసేదాకా ఏదీ ఎంచుకోకూడదని మేం నియమం పెట్టుకున్నాం. మొదటి రెండూ వెంటనే వచ్చాయి: సర్జాపూర్ ఫ్లాటు, 40 వేల అద్దె. మూడోది మా ఆయనకు హైదరాబాద్ ఆఫీసులోకి బదిలీ. నాలుగోదానికి రెండు రోజులు పట్టింది: కాడుగోడి మెట్రో స్టేషను దగ్గర పదిహేనేళ్ల పాత అపార్ట్‌మెంటులో చిన్న ఫ్లాటు.

ఐదోది రాత్రి అన్నం తింటూండగా అత్తయ్య అన్న మాటలోంచి వచ్చింది. "ఆయనకు కావాల్సింది నలభై వేలేనా, లేక ఖాళీ లేకుండా అద్దె రావడమా? అడిగారా?" అడగలేదు. ఓనరు గారికీ ఒక ప్రశ్న ఉంటుందని మాకు తట్టనే లేదు. అలా ఐదో దారి దొరికింది: ఆయనతో మాట్లాడి, రెండేళ్ల ఒప్పందంతో ఇదే ఇంట్లో ఉండటం.

దారులు తట్టకపోతే ఒక చిట్కా. ఇప్పుడు మనసులో ఉన్న దారి మూసుకుపోయిందని అనుకోండి. ఆ ఫ్లాటు వేరెవరో కొనేశారు. ఇప్పుడేం చేస్తారు? అప్పుడు తట్టేది మొదటిదానికంటే మెరుగ్గా ఉండటం నాకు ఆశ్చర్యం కలిగించింది.

నాలుగో అడుగు: ఏం కావాలో చూడకముందే రాసుకోండి

మోడల్ ఫ్లాటు చూసొచ్చాక మా కోరికల్లోకి ఈతకొలను వచ్చి చేరింది. ఇంట్లో ఈత వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. చూశాక రాసుకుంటే, చూపించినవాడి జాబితానే మన జాబితా అవుతుంది.

ఇంట్లో అందరూ విడివిడిగా, ఒకరిదొకరు చూడకుండా రాయాలి. పెద్దవాళ్లు ముందు మాట్లాడితే చిన్నవాళ్ల మాట నోట్లోనే ఉండిపోతుంది. మా నలుగురి చీట్లూ టేబుల్ మీద పరిచి చూస్తే, మా ఆయన "ఆస్తి" అని, నేను "నెల చివర ఊపిరాడాలి" అని, పాప "స్కూలుకు నడిచి వెళ్లాలి" అని రాశాం. అత్తయ్య రాసింది చదివి కాసేపు ఎవరం మాట్లాడలేదు. "పగలు మీరంతా వెళ్లిపోయాక తెలుగు మాట్లాడే మనిషి ఒకరు పక్కింట్లో ఉండాలి." నెల్లూరు వదిలి ఐదేళ్లయింది ఆమెకు. ఏ సేల్స్ ఆఫీసు కాగితంలోనూ ఉండని గడి అది.

ఐదో అడుగు: ఒక్క అంకె దగ్గరకు తీసుకురండి

"అద్దె కడితే డబ్బు పోయినట్టే, ఈఎంఐ కడితే ఇల్లు మిగులుతుంది." ఈ మాట నేనూ నమ్మాను. లెక్క వేశాక నమ్మడం మానేశాను.

80 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకు ఈఎంఐ దాదాపు 69,400. మొదటి నెల అందులో వడ్డీకే 56,667 పోతుంది. అసలులో తగ్గేది పన్నెండు వేల ఏడు వందల చిల్లర. అద్దె పోయిన డబ్బయితే వడ్డీ కూడా పోయిన డబ్బే కదా. మొత్తం ఇరవై ఏళ్లూ కడితే 80 లక్షలకు కట్టేది 1.66 కోట్లు.

ఇక ఫ్లాటు అసలు ధర. కడుతున్న ఇంటి మీద 5 శాతం జీఎస్టీ. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఇంటికి ఇది ఉండదు. ఆపైన స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, లోపల చెక్కపని. అన్నీ కలిపితే 1.10 కోట్లు కాస్తా 1.30 కోట్లు దాటింది. 80 లక్షలు బ్యాంకు ఇచ్చినా మేం పెట్టాల్సింది 50 లక్షలు. మా దగ్గరున్నది 38. మిగతా పన్నెండు లక్షలు ఎక్కడివి? మా నాన్న ఊళ్లో ఎకరం అమ్మి ఇస్తానన్నారు. అంటే "మా నిర్ణయం" అనుకుంటున్నది ఆయన పొలం దాకా వెళ్లింది. అది కాగితం మీద పెట్టేదాకా మాకు కనబడలేదు.

ఇప్పుడు అన్నిటినీ ఒకే అంకెలోకి తెచ్చాను. ఇల్లు చేతికొచ్చాక మొదటి ఏడాది వడ్డీ సుమారు 6.8 లక్షలు. మెయింటెనెన్స్ 60 వేలు. మేం పెట్టే 50 లక్షలను ఏడు శాతానికి ఎఫ్‌డీలో వేస్తే వచ్చే 3.5 లక్షలు వదులుకుంటాం. మొత్తం 10.9 లక్షలు. మిగిలేది ఏడాది అద్దె 4.8 లక్షలు. తేడా 6.1 లక్షలు. 1.10 కోట్ల మీద అది ఐదున్నర శాతం. ఒక్కసారే పోయే పన్నులు, పన్ను రాయితీలు ఇందులో కలపలేదు.

అంటే "ఇల్లు కొనడం మంచిదా?" అన్న పెద్ద ప్రశ్న "ఈ ఫ్లాటు ధర ఏటా ఐదున్నర శాతానికి పైగా పెరుగుతుందా?" అన్న చిన్న ప్రశ్నగా మారింది. దీని గురించి మనుషులను అడగొచ్చు, పాత రిజిస్ట్రేషన్ ధరలు చూడొచ్చు, వాదించుకోవచ్చు. మొదటిదాని గురించి సామెతలు తప్ప ఏమీ చెప్పుకోలేం.

అంకెల దగ్గరే ఇంకో జాగ్రత్త. 1974లో డేనియల్ కానెమాన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా చేసిన చక్రాన్ని తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగారు. చక్రం మీద 10 చూసినవాళ్ల మధ్యస్థ జవాబు 25, 65 చూసినవాళ్లది 45. చక్రానికీ ఆఫ్రికాకూ సంబంధమే లేదు. సేల్స్ ఆఫీసులో మాకు మొదట చూపించింది 1.45 కోట్ల ఫ్లాటు. దాని పక్కన 1.10 కోట్లు చవగ్గా కనబడింది. అందుకే బయటికెళ్లే ముందే, ఇంట్లో కూర్చుని, మీరు పెట్టగల గరిష్ఠ మొత్తం రాసి పెట్టుకోండి.

ఆరో అడుగు: బయటి లెక్క చూడండి

బ్రోచర్‌లో మెట్రో గుర్తు ఉంది. "మూడు నాలుగేళ్లలో వచ్చేస్తుంది మేడం" అన్నాడు సేల్స్ అబ్బాయి. ఆ అబ్బాయి అబద్ధం చెబుతున్నాడని అనను, నమ్మే చెబుతున్నాడేమో. కానీ ఒక పని ఎన్నాళ్లు పడుతుందో తెలియాలంటే దాని ప్లాను చూడటం కన్నా, అలాంటి పనులు ఇంతకు ముందు ఎన్నాళ్లు పట్టాయో చూడటం మేలు. బెంగళూరు మెట్రోకు 2006 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. మొదటి ముక్క 2011 అక్టోబరులో నడిచింది. మొదటి దశ 42 కిలోమీటర్లూ పూర్తయ్యేసరికి 2017 జూన్. రెండో దశకు కేంద్రం 2014లో ఒప్పుకుంటే, అందులో భాగమైన ఆర్.వి. రోడ్–బొమ్మసంద్ర ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైంది. అదీ మొదట్లో మూడే రైళ్లతో, 25 నిమిషాలకొకటి. ఇక హెబ్బాళ–సర్జాపూర్ మార్గానికి రాష్ట్ర మంత్రివర్గం సరే అన్నది 2024 డిసెంబరులో. వీటి పక్కన పెట్టి చూస్తే మూడు నాలుగేళ్లు అనే మాట నిలబడదు. పాప కాలేజీ కూడా అయిపోతుందని రాసుకున్నాను.

బిల్డరు తేదీకీ అంతే. ఇళ్ల ప్రాజెక్టుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ కర్ణాటక రెరా వెబ్‌సైట్‌లో ఆ బిల్డరు పాత ప్రాజెక్టులు వెతకండి. మొదట చెప్పిన తేదీ, తర్వాత పొడిగించిన తేదీ పక్కపక్కన రాసుకోండి. మీకు చెప్పిన తేదీకి ఆ తేడా కలపండి.

మనం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనిపించడం మనిషి స్వభావం. కాబట్టి నాలుగో కాలు ఎక్కడుందో వెతికే పని ఒకరికి అప్పగించాలి. మా ఇంట్లో అది నా వంతు. ఒక శనివారం పొద్దున ఏడింటికి, అదే బిల్డరు ముందే కట్టి ఇచ్చిన అపార్ట్‌మెంటు ఎదుట టీకొట్టు దగ్గర నిలబడ్డాను. తొమ్మిదింటి వరకు నీళ్ల ట్యాంకర్లు లెక్కపెట్టాను. ఐదు లోపలికి వెళ్లాయి. టీకొట్టు ఆయనది చిత్తూరు వైపు. "రోజూ ఇంతేనా అన్నా?" అంటే, "ఎండాకాలం ఎనిమిదీ తొమ్మిదీ వస్తాయక్కా, ఇప్పుడు నయం" అన్నాడు. 2024 ఎండల్లో నీళ్లకు కటకట వచ్చినప్పుడు 12 వేల లీటర్ల ట్యాంకరును ఐదు కిలోమీటర్ల లోపు వెయ్యి రూపాయలకు మించి అమ్మకూడదని అధికారులే ధర కట్టాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్ల కావేరి నీటి పథకం ఐదో దశ మొదలైంది. మంచిదే. కానీ మీరు కొనే ఇంటికి ఆ కనెక్షను వచ్చిందా లేదా అన్నది టీకొట్టు దగ్గర తెలిసినంత బాగా బ్రోచర్‌లో తెలియదు.

ఏడో అడుగు: బరువులు వేసి, తర్వాత కదిలించి చూడండి

1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు జోసెఫ్ ప్రీస్ట్‌లీకి ఒక ఉత్తరంలో తన పద్ధతి చెప్పాడు. కాగితాన్ని నిలువుగా రెండు చేసి, ఒక పక్క అనుకూలం, ఇంకో పక్క ప్రతికూలం రాయడం. ఒక్కరోజులో కాదు, మూడు నాలుగు రోజులపాటు తట్టినప్పుడల్లా. తర్వాత సమానమైన బరువున్న వాటిని ఇటొకటి అటొకటి కొట్టేసుకుంటూ పోవడం. ఇందులో నాకు నచ్చింది ఆ మూడు నాలుగు రోజులు. కోపంలో ఉన్న రోజు తట్టేవి వేరు, జీతం పడిన రోజు తట్టేవి వేరు.

దారులు రెండుకు మించితే మార్కులు వేసుకోవడం తేలిక. మేం నూరు మార్కులను ఐదు అవసరాలకు పంచాం: స్కూలుకు 35, నెలవారీ ఊపిరికి 25, నీళ్లకు 15, ప్రయాణానికి 15, ఆస్తికి 10. అత్తయ్య కోరిన పొరుగును మార్కుల్లో పెట్టలేదు. అది లేని ఇల్లు అసలు చూడకూడదనుకున్నాం. కొన్నిటిని తూకం వెయ్యకూడదు, గడప దగ్గరే అడగాలి. తర్వాత ఒక్కో దారికీ ఒక్కో అవసరానికి పదికి ఇన్ని మార్కులని వేసి, బరువుతో గుణించి కూడాం. వెయ్యికి సర్జాపూర్ ఫ్లాటుకు 340, హైదరాబాద్‌కు 495, కాడుగోడి పాత ఫ్లాటుకు 605, రెండేళ్ల ఒప్పందంతో ఇదే ఇంట్లో ఉండటానికి 705.

హైదరాబాద్‌కు అంత తక్కువా అని మా ఆయన కాస్త నొచ్చుకున్నారు. దూరపు కొండలు నునుపే, కానీ పాపను తొమ్మిదిలో బడి మార్పించాలన్న గడిలో మార్కులు పడింది ఆయన చేతులతోనే.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగకూడదు. ఆ మొత్తం జవాబు కాదు. ఇప్పుడు బరువులు మార్చి చూడాలి. స్కూలుకిచ్చిన దాంట్లోంచి 20 తీసి ఆస్తికి కలిపాం. అద్దె ఇల్లు 565కు పడిపోయింది. పాత ఫ్లాటు 605 దగ్గరే ఉండి పైకొచ్చింది. సర్జాపూర్ ఫ్లాటు ఎలా మార్చినా 440 దాటలేదు. అంటే తెలిసినవి రెండు. మేం బుక్ చెయ్యబోయిన ఇల్లు ఏ లెక్కలోనూ గెలవదు. మిగిలిన రెండింటి మధ్య తేడా అంతా ఈ రెండేళ్లూ పాప చదువు ముఖ్యమా, ఆస్తి ముఖ్యమా అన్న ఒక్క మాట మీద ఉంది. ఆ మాట మీద మాకు వాదన లేదు.

ఎనిమిదో అడుగు: ఓడిపోయినట్టు ముందే ఊహించండి

గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త 2007లో వివరించిన పద్ధతి ఇది. నా ఉద్యోగానికి దగ్గరగా ఉండటం వల్లనేమో, అన్నిటికన్నా నాకు ఇదే ఇష్టం. "ఏమైనా ఇబ్బంది వస్తుందా?" అని అడిగితే అందరూ "ఏం రాదులే" అంటారు. "ఇబ్బంది వచ్చేసింది, ఎందుకొచ్చిందో చెప్పండి" అంటే ఒక్కొక్కరి నోరు తెరుచుకుంటుంది.

కాగితం పైన రాశాను: 2028 ఏప్రిల్. మనం అద్దెకు ఉండిపోయి తప్పు చేశాం. ఎలా?

పాప చెప్పింది: "ఓనరంకుల్ వాళ్ల అబ్బాయి అమెరికా నుంచి వచ్చేశాడు, మనల్ని మధ్యలో పంపేశారు." మా ఆయన: "ఈఎంఐ లేదు కదా అని డబ్బంతా ఖర్చయిపోయింది." నేను: "ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయింది." అత్తయ్య: "నాకు మోకాళ్లు పట్టేశాయి, మెట్లు ఎక్కలేకపోతున్నాను."

ఒక్కోదానికి ఎదురుగా ఇప్పుడే చెయ్యగలిగింది రాసుకున్నాం. ఇక్కడ అందరూ పదకొండు నెలల అగ్రిమెంటే రాసుకుంటారు. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చెయ్యాలని చట్టం చెబుతుంది కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. మేం 24 నెలలకు రాయించి రిజిస్టర్ చేయించుకోవాలనుకున్నాం. ఈఎంఐకీ అద్దెకీ ఉన్న తేడాలోంచి 25 వేలు ప్రతి నెలా ఒకటో తేదీనే వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా పెట్టాం. ఆరు నెలల ఇంటి ఖర్చు 38 లక్షల్లోంచి విడిగా తీసి పెట్టాం. అత్తయ్య మోకాళ్ల మాట మాత్రం ఎవరికీ తట్టి ఉండేది కాదు. కింది అంతస్తు ఖాళీ అయితే ముందు మాకే ఇవ్వాలని ఒప్పందంలో ఒక వాక్యం చేర్చమని అడగాలనుకున్నాం.

తొమ్మిదో అడుగు: గడువు, తుది మాట

వెతుకుతూ పోతే అంతుండదు. 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన హెర్బర్ట్ సైమన్ చెప్పింది ఇదే: మనిషికి ఉన్న సమయం, తెలివి, సమాచారం అన్నీ పరిమితమే, కాబట్టి అన్నిటికన్నా గొప్పదాని కోసం కాక "ఇది చాలు" అన్న గీత దాటిన దాన్ని తీసుకుంటాడు. ఆ గీత ముందే గీసుకుని ఉండాలి. మేం మూడు వారాలు గడువు పెట్టుకున్నాం. ఇద్దరికీ కుదరకపోతే స్కూలు విషయంలో నా మాట, డబ్బు విషయంలో ఆయన మాట చెల్లాలని కూడా మొదటి రోజే రాసుకున్నాం. వాదన మొదలయ్యాక ఇలాంటివి రాసుకోలేం.

పదో అడుగు: ఆ రోజే రాసి పెట్టండి

ఓనరు గారితో మాట్లాడాం. ఆయనకు కావాల్సింది ఇల్లు ఖాళీ పడకపోవడం, ఒకటో తేదీన అద్దె రావడం. 38 వేలకు, రెండేళ్లకు ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషన్ ఖర్చు మాది. కింది అంతస్తు మాటకు "చూద్దాంలేమ్మా" అన్నారు. కాగితంలో మాత్రం చేర్చనిచ్చారు.

ఆ రాత్రే నోటుబుక్కులో ఒక పేజీ రాశాను. ఏం నిర్ణయించాం, ఎందుకు, ఏమేం తెలియకుండా నిర్ణయించాం, ఏం జరుగుతుందనుకుంటున్నాం. ఇది వెంటనే రాయాలి. ఆరు నెలలు పోతే జరిగినదాన్ని బట్టి జ్ఞాపకం మారిపోతుంది. మంచి జరిగితే ముందే తెలుసంటాం, చెడు జరిగితే ఆనాడే వద్దన్నానంటాం. మంచి నిర్ణయానికి చెడ్డ ఫలితం రావచ్చు, తొందరపాటుకు అదృష్టం కలిసిరావచ్చు. రెంటినీ విడదీసి చూడాలంటే ఆనాటి కాగితం ఉండాలి.

పేజీ చివర, మళ్లీ ఎప్పుడు ఈ నోటుబుక్కు తెరవాలో రాశాం. కాడుగోడి వైపు ఏ-ఖాతా (నగరపాలక రికార్డుల్లో ఆస్తి సక్రమమని చూపే నమోదు), నివాస యోగ్యతా పత్రం రెండూ ఉన్న పాత ఫ్లాటు 70 లక్షల లోపు దొరికితే. ఇద్దరిలో ఎవరి ఉద్యోగానికి ముప్పు వచ్చినా. అత్తయ్య మెట్ల దగ్గర రెండుసార్లు ఆగితే. ఇవేవీ జరగకపోయినా 2026 డిసెంబరు 6, ఆదివారం, పొద్దున కాఫీ అయ్యాక. నలుగురం సంతకాలు పెట్టాం. అత్తయ్య తన పేరు కింద ఇంకో లైను రాసింది: "పక్కింటి కావలి ఊరావిడ పేరు కూడా సరోజనే."